14 నెలల్నుంచి ట్రేడింగ్ నేర్చుకుంటా ఉండా, ముందుకు పోతా ఉండానో లేదో ఎట్ల తెలుసుకోవాలి?

లాడ్జిడెస్క్_తిరుపతి:

అందరికీ నమస్కారం. చాలా రోజుల్నుంచి అడగాలనుకుంటా ఉండా, ఇవాళ ఆఫ్ దొరికింది, అందుకే కొంచెం వివరంగా రాస్తా ఉండా, ఓపిగ్గా చదవండి.

నేను తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్లో పని చేస్తా ఉండా, వయసు 29. 2024 ఆగస్టులో ట్రేడింగ్ మొదలుపెట్టినా. నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల ఇండెక్స్) లేస్తుందో పడుతుందో అని వారానికోసారి గడువు తీరే వీక్లీ ఆప్షన్స్ కొనడం ఒక్కటే, ఎప్పుడూ ఒక్క లాటే (ఒకసారికి కొనాల్సిన కనీస మూట), కొనకుండా ముందే అమ్మి ఆడే జోలికి పోలేదు. పెట్టింది 1,20,000. అది మా అమ్మ చీటీ పాడితే వచ్చిన దాంట్లో సగం, కాబట్టి పోతే పోయిందిలే అనుకునే డబ్బు కాదు.

2025 సెప్టెంబరు ఆఖరుకి 212 ట్రేడులు అయినాయి. గెలిచినవి 123, పోయినవి 89, అంటే 58% గెలుపు. గెలిస్తే సగటున 610 వస్తా ఉండాది, పోతే సగటున 1,123 పోతా ఉండాది. గ్రాస్ మైనస్ 24,900, బ్రోకరేజీ టాక్సులు అన్నీ కలిపి 13,100, మొత్తం మైనస్ 38,000. ఖాతాలో 82,000 మిగిలింది.

ఇక్కడే నాకు తిక్కగా ఉండేది. మొదటి పన్నెండు నెలల్లో 49,600 పొయ్యింది. ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలల్లో మాత్రం 34 ట్రేడులు చేస్తే 22 గెలిచినాయి, చార్జీలన్నీ పోను 11,600 వచ్చింది. ఇది నేర్చుకున్నందుకు వచ్చిందా, టైం బాగుండి వచ్చిందా? నేను కోర్సు చేసిన చోట సార్ నెలకు 5% తెస్తే పాస్ అన్నాడు. నా జతగాడు ఖాతా మైనస్ లో ఉన్నంతకాలం ఫెయిలే అంటాడు. మా ఇంటామె అయితే నేర్చుకోవడం ఎప్పటికి అయిపోతుంది అని అడుగుతుంది, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

డిగ్రీ అయితే సెమిస్టరుకు ఒకసారి మార్కుల లిస్టు వస్తుంది, డ్రైవింగ్ అయితే ఘాట్ రోడ్డులో బండి దించితే వచ్చిందో రాలేదో తెలిసిపోతుంది, ఇందులో అట్ల లేదు. ఒక గురువారం ఎక్స్‌పైరీ రోజు (ఆ వారం ఆప్షన్ల గడువు తీరే రోజు) నా కాల్ ఆప్షన్ (నిఫ్టీ లేస్తుందని కొన్నది) స్టాప్ లాస్ దగ్గరికి, అంటే ఇక్కడికి పడితే దిగిపోవాలని ముందే పెట్టుకున్న రేటు దగ్గరికి వచ్చింది, నేను స్టాప్ తీసేసినా, ఇంకా పడింది, చేతులు వణికినాయి, రెండు గంటలకి మళ్ళీ లేచింది, 2,300 లాభంతో బయటికొచ్చినా. తర్వాత వారం అన్నీ రాసుకున్నట్టే చేసినా, స్టాప్ దగ్గరే దిగినా, 900 పొయ్యింది. వీటిలో నేను ముందుకు పోయిన రోజు ఏది? అనుభవం ఉండేవాళ్ళు చెప్పండి.

పుత్తూరు_బ్రో:

బ్రో వరుసగా రెండు నెలలు గ్రీన్ అంటే నీకు సెట్ అయిపోయినట్టే, ఇంత ఆలోచన ఎందుకు. ఇప్పుడు లాట్లు పెంచు, మూడు లాట్లతో ఇదే చేసుంటే 34 వేలు వచ్చుండేది కదా. పాత నష్టం నాలుగు నెలల్లో రికవరీ. చేతికి పట్టు దొరికినప్పుడే పెంచుకోవాలి.

లెక్కల_మేడమ్_బాలాజీకాలనీ:

పుత్తూరు తమ్ముడూ, దయచేసి అలా చెప్పకండి. ఆయన చీటీ డబ్బు పెట్టి ఆడుతున్నారు.

లాడ్జి డెస్క్ గారూ, నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను, ట్రేడింగ్ చాలా కొద్దిగా చేస్తాను, అందుకని మార్కెట్ గురించి కాకుండా మీ అంకెల గురించి చెప్తాను. ప్రాబబిలిటీ చాప్టర్ వచ్చినప్పుడు క్లాసులో ఒక పని చేయిస్తాను, ఒక్కో పిల్లని రూపాయి బిళ్ళ 34 సార్లు ఎగరేయమంటాను (బెంచీకి నలుగురు కదా, గోల గోలగా ఉంటుంది, పక్క క్లాసు సారు వచ్చి చూస్తారు). నలభై మంది ఉంటే మామూలుగా ఇద్దరు ముగ్గురికి 22 లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు పడతాయి. ఆ పిల్లలకి బిళ్ళ ఎగరేయడంలో ఏ నైపుణ్యమూ లేదు. మీరు బిళ్ళ కాదు, మీ పాత గెలుపు రేటే 57% దాకా ఉంది. ఆ రేటు కొంచెం కూడా మెరుగుపడకపోయినా 34 ట్రేడుల్లో 22 లేక ఆ పైన గెలవడం దాదాపు నాలుగింట ఒకసారి ఊరికే జరుగుతుంది. అందువల్ల 22 అన్న అంకె ఒక్కటే చూసి మీరు నేర్చుకున్నారనీ చెప్పలేం, నేర్చుకోలేదనీ చెప్పలేం. వంద ట్రేడుల మీద కూడా గెలుపు శాతం పదేసి అటూ ఇటూ ఊగుతుంది, నాలుగు వందలు అయితే గానీ ఆ ఊగు ఐదుకి తగ్గదు. మొత్తానికి 34 చాలా చిన్నది.

ఇంకో మాట. 58% అని సంతోషపడుతున్నట్టున్నారు. గెలిస్తే 610, పోతే 1,123 అయినప్పుడు, గ్రాస్ లో సున్నాకి రావాలంటేనే 65% గెలవాలి. మీకు ట్రేడుకి 62 దాకా చార్జీ పడింది, అది కలిపితే 68%. ఇంత గెలుపు రేటు తెచ్చుకోవడం కంటే ఆ 1,123ని 600కి దించడం చాలా తేలిక, ఎందుకంటే గెలుపు మార్కెట్ చేతిలో ఉంటుంది, ఎక్కడ దిగాలన్నది చాలావరకు మీ చేతిలో ఉంటుంది. చివరి రెండు నెలల్లో మీ సగటు లాస్ ఎంతో రాయలేదు. నాకు కావలసిన అంకె అదే, అది చెప్పండి.

మీ గురువారం ప్రశ్నకి నా జవాబు, 900 పోయిన రోజే ముందుకు పోయిన రోజు. ప్రతి ట్రేడు పక్కన లాభనష్టం కాకుండా ఇంకో కాలమ్ పెట్టండి, ముందు రాసుకున్నట్టే చేశానా లేదా అని, అవును కాదు రెండే మాటలు. నెలాఖరుకి "కాదు" అని ఉండీ లాభం వచ్చినవి ఎన్నో లెక్కపెట్టండి. నాకు అవే భయం. స్టాప్ తీసేస్తే 2,300 వస్తుందని ఆ గురువారం మీకు నేర్పింది, ఆ పాఠం తర్వాత ఎన్నిసార్లు వాడారో మీకే తెలియాలి.

చిత్తూరు_బెల్లంమండీ:

మేడమ్ చెప్పింది నూటికి నూరు నిజం. నాకు మండీ వ్యాపారం, ఏడేండ్లుగా ట్రేడింగ్ కూడా చేస్తా ఉండా, మొదటి నాలుగేండ్లు నష్టమే, కాబట్టి ఆ బాధ నాకు తెలుసు తమ్ముడూ.

ముందు ఒక విషయం ఎవరూ పట్టించుకోలేదు. నువ్వు మొదలుపెట్టినప్పుడు నిఫ్టీ లాట్ అంటే 25 యూనిట్లు. 2024 నవంబరు 20 నుంచి కొత్త కాంట్రాక్టులకి 75 చేసినారు, వీక్లీల్లో అది 2025 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంటే నువ్వు ఒక్క లాటే అంటా ఉండావు గానీ జనవరి నుంచి మూడింతలు ఆడతా ఉండావు, నీకు తెలీకుండానే. అప్పుడు ఆప్షన్ రేటులో 40 పాయింట్లు పోతే వెయ్యి, 75 అయినాక అదే 40 పాయింట్లు పోతే మూడు వేలు. ఈ రెండు కాలాల రూపాయల్ని ఒకే కుప్పలో పోసి సగటు తీస్తే ఏం తెలుస్తుంది? పాయింట్లలో రాయి, లేదంటే ఇంకా మంచిది, ట్రేడులోకి దిగే ముందే ఇందులో ఎంత పోగొట్టుకోడానికి సిద్ధమో రాసుకో, దాన్ని ఒకటి అనుకో. 600 అనుకొని దిగి 600 పోతే మైనస్ ఒకటి, 900 వస్తే ప్లస్ ఒకటిన్నర, 600 అనుకొని 3,900 పోగొట్టుకుంటే మైనస్ ఆరున్నర. ఈ లెక్కలో లాట్ ఎంతయినా పోలిక చెడదు. ఆ మైనస్ ఆరున్నరలు కంట్లో కారం కొట్టినట్టు కనిపిస్తాయి.

మా నాయన ఇప్పటికీ సాయంత్రం మండీ మూసేముందు కూర్చొని నోట్ బుక్కులో రాస్తాడు, ఎర్ర అట్ట పుస్తకం. బెల్లం అమ్మింది ఎంత, కూలీ ఎంత, బండి బాడుగ ఎంత, కమీషన్ ఎంత, ఆఖర్లో చేతికొచ్చింది ఎంత. దాని పక్కన ఇంకో గీత గీసి, రేటు లేచినందుకు వచ్చింది ఎంత, సరుకు చూసి కొన్నందుకు వచ్చింది ఎంత అని విడదీస్తాడు. చిన్నప్పుడు నాకు ఇది చాదస్తంగా అనిపించేది. ట్రేడింగ్ లో డబ్బు పోగొట్టుకున్నాక ఆ రెండో గీత ఎందుకో అర్థమయ్యింది. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి మార్కెట్ 3% పైన లేచింది, నా దగ్గర కాల్స్ ఉండినాయి, ఒక్క రోజులో నెల జీతమంత వచ్చింది. నేను ఏమీ చూసి కొన్లేదు, అందరూ కొంటా ఉన్నారని కొన్నా. లాభం తీసుకోకుండా పెట్టుకున్నా. జూన్ 4న ఫలితాలు, నిఫ్టీ 23,263 నుంచి 21,884కి వచ్చేసింది, అంటే దాదాపు 6%. వచ్చింది పొయ్యింది, దాంతో పాటు చేతిది కూడా పొయ్యింది. జూన్ 3 సాయంత్రం నన్ను అడిగుంటే నేను బాగా నేర్చుకున్నా అని చెప్పుండేవాణ్ణి.

నీ పని ఒకటే, ఆ 89 లాసుల్లో పెద్దవి, 3,000 దాటినవి, విడిగా తీసి ఒక పేపర్ మీద పెట్టు. ఒక్కోదాని పక్కన ఆ రోజు ఏం జరిగిందో రాయి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ముందు ట్రేడు పోయిందా వచ్చిందా, స్టాప్ పెట్టినావా తీసినావా, నిద్రపోయినావా. మొత్తం 212 చదవొద్దు, అవి మాత్రం చదువు.

విశ్రాంత_బ్యాంకు_చంద్రగిరి:

నాయనా, నేను 34 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైర్ అయినాను. నీ మీద కోపంతో కాదు, మా అబ్బాయి వయసు వాడివని చెప్తున్నా.

స్టాక్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ వాళ్ళు 2024 సెప్టెంబరులో స్టడీ పెట్టినారు, 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 93% మంది నష్టపోయినారు, అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. ఖర్చులు పోను లక్ష రూపాయల పైన సంపాదించింది 1% మంది. 2025 జూలైలో మళ్ళీ లెక్క చెప్పినారు, 2024-25లో కూడా 91% మందికి నష్టమే. నెలకు 5% అంటే ఏడాదికి దాదాపు 80%, అది పాస్ మార్కు అని చెప్పినవాళ్ళని వాళ్ళ మూడేళ్ళ కాంట్రాక్ట్ నోట్లు (ట్రేడులకి బ్రోకరు ఇచ్చే బిల్లులు) చూపించమని అడుగు.

నువ్వు నీ ట్రేడింగ్ ని పోల్చుకోవాల్సింది సున్నాతో కాదు. 2024 ఆగస్టు 1న నిఫ్టీ మొదటిసారి 25,000 పైన క్లోజ్ అయింది, మధ్యలో 26,277 దాకా పోయింది, 2025 ఏప్రిల్ 7న 21,743 దాకా దిగింది, 2025 సెప్టెంబరు ఆఖరుకి మళ్ళీ 25 వేల దగ్గరికే వచ్చింది. అంటే ఇండెక్స్ కొని ఊరికే కూర్చున్నవాడికి పెద్దగా ఏమీ రాలేదు, పోనూ లేదు. అదే డబ్బు అప్పట్లో స్టేట్ బ్యాంకు 444 రోజుల డిపాజిట్లో 7.25%కి వేసుంటే ఈ పాటికి వడ్డీ పదివేల పైన వచ్చుండేది. నీ నష్టం 38,000 మాత్రమే అనుకోవద్దు, ఆ పదివేలు కూడా కలుపుకో. ఇంకో సంగతి, జూలై ఆఖరుకి నీ ఖాతా 70,400 దాకా దిగింది, 41% పోయింది. అక్కడ్నుంచి మొదటికి రావాలంటే 41 కాదు, 70% సంపాదించాలి. మూడు లాట్లు చేయమన్న అబ్బాయి ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

రిటర్న్ వేసినావా? ఎఫ్ అండ్ ఓ నష్టం బిజినెస్ కింద వస్తుంది, ఐటీఆర్-3 ఫారంలో వెయ్యాలి. గడువులోపల వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ళు ముందుకు తీసుకుపోవచ్చు. చాలామంది నష్టమే కదా అని వదిలేస్తారు.

పుత్తూరు_బ్రో:

సార్, మేడమ్, సారీ. నాకు ఆ 70% లెక్క నిజంగా తెలీదు. నేను రెండు లాట్లు చేస్తా ఉండా, ఈ వారం ఒకటికి దించుతా.

లాడ్జిడెస్క్_తిరుపతి:

అందరికీ చాలా థాంక్స్. బెల్లం మండీ అన్న చెప్పినట్టు మూడు రోజులు కూర్చొని తీసినా, రాత్రి డ్యూటీలో రూము బాయ్ పడుకున్నాక డెస్కు మీదే పేపర్లు పరిచి. 3,000 దాటిన లాసులు 11 ఉండాయి. ఆ పదకొండే కలిపితే 45,100. అవి తీసేస్తే మిగతా 78 లాసుల సగటు 700 అంతే. 11లో 10 జనవరి తర్వాతే, లాట్ 75 అయినాకే అన్నా. 9 సార్లు స్టాప్ నేనే తీసేసినా. ఇది కాంట్రాక్ట్ నోట్లో కనపడదు, ఆర్డర్ బుక్ స్క్రీన్ షాట్లు పెట్టుకున్నా కాబట్టి తెలిసింది.

నిద్రపోయినావా అని అడిగినావు చూడు అన్నా, ఆ మాట దగ్గర ఆగిపోయినా. నాకు షిఫ్టులు మారతా ఉంటాయి, ఉదయం ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, రాత్రి పది నుంచి ఉదయం ఆరు. డ్యూటీ రిజిస్టర్ నేనే రాస్తా కదా, దాన్ని తెచ్చి ట్రేడుల తేదీల పక్కన పెట్టినా. నైట్ డ్యూటీ దిగి పడుకోకుండా మార్కెట్ తెరిచే 9:15కి కూర్చొని చేసిన ట్రేడులు 71. వాటి నెట్ మైనస్ 31,600. మిగతా 141 ట్రేడులు కలిపితే మైనస్ 6,400. ఆ 11 పెద్ద లాసుల్లో 8 నైట్ డ్యూటీ తెల్లారినవే. డ్యూటీ దిగి ఇడ్లీ తిని, రెండు కాఫీలు తాగి, కండ్లు మండతా ఉంటే ఫోను పట్టుకొని కూర్చుంటాను, పడుకుంటే ఓపెనింగ్ మిస్ అయిపోతా అని. అది కష్టపడటం అనుకున్నా ఇన్నాళ్ళూ.

ఇంకోటి, చెప్పడానికి కొంచెం బాధగా ఉండాది. ఆగస్టు, సెప్టెంబరులో నాకు నైట్లు లేవు. మా కొలీగ్ కి మధ్యాహ్నం షిఫ్టు కుదరక నాతో మార్చుకున్నాడు, రెండు నెలలూ నాది రెండు నుంచి పది. పొద్దున నిద్రపోయి లేచి చేసినా. బ్రహ్మోత్సవాల వారం రూములన్నీ ఫుల్, యాప్ తెరవనే లేదు. కాబట్టి నేను నేర్చుకున్నా అనుకున్న రెండు నెలలు నిజానికి నేను నిద్రపోయిన రెండు నెలలు. మేడమ్ అడిగిన అంకె, ఈ రెండు నెలల్లో సగటు లాస్ 490, గెలుపు సగటు 900, ఒక్క లాస్ కూడా వెయ్యి దాటలేదు. ఈ వారం నుంచి మళ్ళీ నైట్లు.

లెక్కల_మేడమ్_బాలాజీకాలనీ:

చాలా మంచి పని చేశారు, ఇంత నిజాయితీగా లెక్క తీసినవాళ్ళని నేను తక్కువ చూశాను. 34లో 22 గెలిచారన్న దానికంటే ఒక్క లాసూ వెయ్యి దాటలేదన్నది నాకు ఎక్కువ నమ్మకం ఇస్తోంది, ఎందుకంటే అది అదృష్టం వల్ల అంత తేలిగ్గా రాదు.

కానీ ఒక జాగ్రత్త. నైట్ డ్యూటీ ట్రేడులు తీసేస్తే అంతా బాగుంది అనుకోకండి. మొదటి పన్నెండు నెలల్లో నిద్రపోయి చేసినవి 107 ఉన్నాయి, వాటి నెట్ మైనస్ 18,000, ట్రేడుకి 168 పోయినట్టు. నైట్ తర్వాతివి ట్రేడుకి 445. నిద్ర పెద్ద కారణమే, అదొక్కటే కారణం కాదు. ఇంకా పాత డేటాని సోమవారాలు, కాల్స్, పుట్స్ (నిఫ్టీ పడుతుందని కొన్నవి) అని కోసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట లాభం ఉన్న ముక్క తప్పకుండా దొరుకుతుంది, అది నిజం కానక్కర్లేదు. నిద్ర సంగతి వేరు, లెక్క తీయకముందే ఎవరైనా ఊహించగలిగింది అది. ఇప్పుడు రూల్ రాసుకుని ముందుకి వంద ట్రేడులు చూడండి.

చిత్తూరు_బెల్లంమండీ:

తమ్ముడూ, వంద ట్రేడులయ్యేదాకా లాట్ పెంచొద్దు, కొత్త డబ్బు వెయ్యొద్దు. నిఫ్టీ ఎక్స్‌పైరీ సెప్టెంబరు నుంచి మంగళవారానికి మారింది కదా, నీ గురువారం అలవాట్లన్నీ కొత్తగా చూసుకోవాల్సి ఉంటుంది, అది కూడా ఆ వందలో తెలుస్తుంది. ఆ చీటీ డబ్బు గురించి చంద్రగిరి సార్ చెప్పింది ఇంట్లో కూర్చొని మాట్లాడు. ఎంత దాకా పోతే ఆపేస్తావో ఇంటామె ముందు ఒక అంకె చెప్పు, ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పటికి నువ్వు ఇవ్వగలిగిన జవాబు అది.

లాడ్జిడెస్క్_తిరుపతి:

నిన్న రాత్రే మాట్లాడినా అన్నా. ఖాతా 65,000కి వస్తే ఆపేస్తా అని చెప్పినా, ఆమే నోట్ బుక్కు మొదటి పేజీలో రాసింది. రిటర్న్ వేసినా చంద్రగిరి సార్, మా ఆడిటర్ ఐటీఆర్-3 లోనే వేసినాడు. నోట్ బుక్కు మా చెకిన్ రిజిస్టర్ మాదిరే గీసుకున్నా, వచ్చిన టైము, ఎందుకు వచ్చినా, ఎంత పోయినా పర్లేదు, ఎక్కడ దిగాలి, దిగిన టైము, రాసుకున్నట్టే దిగినానా. మొదటి గడి మాత్రం నిద్ర ఎన్ని గంటలు. ఇవాళ ఆరింటికి నైట్ డ్యూటీ దిగినా, ఆ గడిలో సున్నా వేసి పుస్తకం మూసేసినా. ఇప్పుడు పడుకుంటా ఉండా.